లినక్స్ ఇన్‌స్టాల్ కాకపోతే: హార్డ్‌వేర్ చిక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ వేద్దామని కూర్చున్నవారికి దాదాపు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. తెర నల్లబడిందనీ, డిస్కు కనిపించలేదనీ, వైఫై రాలేదనీ అడిగేవారిలో ఎక్కువ మంది అప్పటికే రెండు మూడు డిస్ట్రోలు (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాలు) మార్చి, నాలుగైదు సార్లు మొదటినుంచి ప్రయత్నించి అలసిపోయి ఉంటారు. డిస్ట్రో మార్చడానికి ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: పని ఏ దశలో ఆగింది? ఆగిన చోటును బట్టి అడ్డుపడుతున్న భాగమేదో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే ఈ ప్రశ్నలను దశల వారీగా పేర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ చిక్కు ఉన్న చోటికి నేరుగా వెళ్లవచ్చు. ఆదేశాలను, ఆప్షన్ల పేర్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగు లిపిలో ఇచ్చాము. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

## మొదలుపెట్టే ముందు

నా కంప్యూటర్‌కు లినక్స్ సరిపడుతుందో లేదో, వేయకముందే తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది. ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా వంటివాటిని డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూడవచ్చు. ఆ లైవ్ సెషన్‌లో కనీసం అరగంట గడపండి. వైఫైకి కనెక్ట్ అయి చూడండి, ఒక పాట వినండి, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీని జరపండి, తెర వెలుతురు తగ్గించి పెంచండి, మూత మూసి మళ్లీ తెరవండి. చివరగా డిస్క్స్ అనే అప్లికేషన్ తెరిచి, లోపలి ఎస్‌ఎస్‌డీ కనిపిస్తోందో లేదో చూసుకోండి. ఇవన్నీ సవ్యంగా ఉంటే, ఇన్‌స్టాల్ చేశాక హార్డ్‌వేర్ వల్ల ఇబ్బంది వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. అయితే ఆ కంప్యూటర్ బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) లినక్స్ బూట్‌లోడర్‌ను (లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రామును) సరిగా పట్టించుకుంటుందా లేదా అన్నది లైవ్ సెషన్‌లో తెలియదు.

"మా స్నేహితుడిది కూడా ఇదే మోడల్, అతనికి బాగానే పనిచేసింది" అన్న మాట మీద మాత్రం ఆధారపడవద్దు. ఒకే మోడల్ పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఒకదానిలో ఇంటెల్ వైఫై కార్డు, మరొకదానిలో రియల్‌టెక్, ఇంకొకదానిలో మీడియాటెక్ ఉండటం మామూలే. విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ భాగం ప్రాపర్టీస్ తెరిచి హార్డ్‌వేర్ ఐడీలను చూస్తే, తయారీదారు సంఖ్య ఒకటి, భాగం సంఖ్య ఒకటి కనిపిస్తాయి. ఇంటెల్ సంఖ్య 8086, ఎన్విడియాది 10డీఈ, రియల్‌టెక్‌ది 10ఈసీ, బ్రాడ్‌కామ్‌ది 14ఈ4, మీడియాటెక్‌ది 14సీ3. పెట్టె మీది మోడల్ పేరు కన్నా ఈ జంట సంఖ్యలతో వెతికితేనే నమ్మదగిన సమాచారం దొరుకుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నట్లయితే, లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకువెళ్లి, డబ్బు ఇవ్వకముందే ఒకసారి బూట్ చేసి చూపించమని అడగండి.

డెబియన్ చాలా స్థిరమైనదని అందరూ అంటారు కదా, నా కొత్త ల్యాప్‌టాప్‌లో ఎందుకు తడబడుతోంది?

లినక్స్‌లో డ్రైవర్లలో (హార్డ్‌వేర్ భాగాలను నడిపే ప్రోగ్రాములలో) అధిక భాగం కెర్నల్‌తోనే, అంటే లినక్స్ మూల ప్రోగ్రాముతోనే, వస్తాయి. కెర్నల్ విడుదలయ్యాక మార్కెట్లోకి వచ్చిన చిప్ గురించి ఆ కెర్నల్‌కు తెలిసే అవకాశం తక్కువ. డెబియన్ 12 జూన్ 2023లో 6.1 కెర్నల్‌తోనూ, ఉబుంటు 24.04 ఏప్రిల్ 2024లో 6.8 కెర్నల్‌తోనూ, డెబియన్ 13 ఆగస్టు 2025లో 6.12 కెర్నల్‌తోనూ వచ్చాయి. స్థిరమైన డిస్ట్రో అంటే అదే కెర్నల్‌ను ఏళ్ల తరబడి మరమ్మతు చేస్తూ నిలుపుకొనేది. మూడేళ్ల పాత కంప్యూటర్‌కు అది వరం, గత నెలలో కొన్న కంప్యూటర్‌కు అదే అడ్డంకి.

కొత్త యంత్రానికి సుమారు ఆరు నెలలకొకసారి కొత్త వెర్షన్ ఇచ్చే ఫెడోరానో, ఉబుంటు ఎల్‌టీఎస్‌లో (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే వెర్షన్‌లో) తరువాత వచ్చే పాయింట్ విడుదలనో ఎంచుకోవడం మేలు. ఉదాహరణకు 24.04.2 ఐఎస్‌ఓలో (ఇన్‌స్టాల్ చేయడానికి దింపుకునే ఫైలులో) 6.8 బదులు 6.11 కెర్నల్ ఉంది. డెబియనే కావాలనుకుంటే బ్యాక్‌పోర్ట్స్ (కొత్త ప్యాకేజీలను పాత వెర్షన్‌కు అందించే విభాగం) నుంచి కొత్త కెర్నల్ వేసుకోవచ్చు.

పాత కంప్యూటర్‌లో "ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, దొరికింది ఐ686" అని వచ్చి ఆగిపోతోంది. ఇక లాభం లేదా?

మీ ప్రాసెసర్ 32 బిట్లది, మీరు రాసుకున్న ఐఎస్‌ఓ 64 బిట్లది. ఉబుంటు 17.10 నుంచే 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్‌ఓలు ఆపేసింది. డెబియన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉన్న చివరి వెర్షన్ 12. 13లో అది లేదు. కాబట్టి అటువంటి యంత్రంలో డెబియన్ 12 వేసుకొని, ఎల్‌ఎక్స్‌డీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్ పెట్టుకోవచ్చు.

ఇదే కోవలో మరో చిక్కు ఉంది. ప్రాసెసర్ 64 బిట్లదే అయినా మరీ పాతదైతే కొన్ని డిస్ట్రోలు దాన్ని ఒప్పుకోవు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9కి ఎక్స్86-64-వీ2 స్థాయి, 10కి వీ3 స్థాయి కావాలి. వీ3 అంటే ఇంటెల్‌లో స్థూలంగా 2013 నాటి హ్యాస్‌వెల్, ఆ తరువాతివి. వాటిలోనూ ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఆదేశాల సముదాయం లేని పెంటియమ్, సెలెరాన్‌లు లెక్కలోకి రావు. "గ్లిబ్‌సీ" పేరుతో ప్రాసెసర్ సరిపోదన్న సందేశం వస్తే కారణం ఇదే. అల్మాలినక్స్ 10కి వీ2 ప్రాసెసర్ల కోసం ప్రత్యేక ఐఎస్‌ఓ ఉంది.

బయోస్‌లో ఏదైనా మార్చే ముందు విండోస్ వైపు ఏం చూసుకోవాలి?

మొట్టమొదట బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) చూసుకోవాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో, యజమానికి తెలియకుండానే, డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో డిస్కు తాళం వేసి ఉంటుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్‌లోడర్‌ను అడ్డుకునే రక్షణ) ఆపినా, డిస్క్ మోడ్ మార్చినా, మరుసటి బూట్‌లో విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే ఫైళ్లు చేతికి రావు. లినక్స్ వేయబోయి ఇంట్లోవాళ్ల ఫోటోలు పోగొట్టుకున్నవారి కథల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క అజాగ్రత్తే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాము. ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసుకోండి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయండి, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.

తరువాత విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా దిగిపోదు, సగం నిద్రలో ఉంటుంది. దానివల్ల దాని పార్టిషన్‌ను (డిస్కులో దానికి కేటాయించిన భాగాన్ని) లినక్స్ తాకలేదు, కొన్ని వైఫై కార్డులు మేలుకోవు.

## పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసేటప్పుడు

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసినా నేరుగా విండోసే వచ్చేస్తోంది. ఎందుకు?

ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 లేదా ఎస్కేప్, ఆసూస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12యే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేస్తే తప్ప అది పలకదు.

మెనూ వచ్చినా పెన్‌డ్రైవ్ పేరు లేకపోతే, దాన్ని తయారు చేసిన పద్ధతిలో తప్పు ఉండవచ్చు. ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. రూఫస్, బలెనా ఎచర్ వంటి సాధనంతో రాయాలి. రూఫస్‌లో కొత్త కంప్యూటర్లకు పార్టిషన్ పద్ధతిగా జీపీటీ, బూట్ రీతిగా యూఈఎఫ్‌ఐ (పాత తరహా బయోస్ స్థానంలో వచ్చినది) ఎంచుకోండి. ఐఎస్‌ఓ రీతిలో రాసింది పలకకపోతే డీడీ రీతిలో మళ్లీ రాయండి. కొన్ని యంత్రాల్లో ఒక పోర్టులో పలకని పెన్‌డ్రైవ్ మరో పోర్టులో పలుకుతుంది, యూఎస్‌బీ 2.0 పోర్టు ఉంటే అందులోనూ ప్రయత్నించండి.

"వెరిఫికేషన్ ఫెయిల్డ్, సెక్యూరిటీ వయొలేషన్" అని ఎర్ర అక్షరాల్లో వస్తోంది. కంప్యూటర్ పాడైందా?

పాడవలేదు. సెక్యూర్ బూట్ తనకు తెలిసిన సంతకం లేని బూట్‌లోడర్‌ను అడ్డుకుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ తమ బూట్‌లోడర్‌కు ముందు షిమ్ అనే చిన్న ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ సంతకంతో పెడతాయి కాబట్టి అవి సెక్యూర్ బూట్ ఉండగానే నడవాలి. ఆర్చ్ ఐఎస్‌ఓకు ఆ సంతకం ఉండదు, దానికి సెక్యూర్ బూట్ ఆపక తప్పదు.

సంతకం ఉన్న డిస్ట్రో కూడా ఆగిపోతే రెండు సంగతులు చూడండి. 2022 నుంచి వస్తున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ సొంత సంతకానికే అనుమతి ఉండి, ఇతరుల బూట్‌లోడర్లకు వాడే మూడో పక్షం సర్టిఫికెట్‌కు అనుమతి లేకుండా వస్తోంది. బయోస్ సెక్యూర్ బూట్ పేజీలో "థర్డ్ పార్టీ యూఈఎఫ్‌ఐ సీఏ"ను అనుమతించమనే ఆప్షన్‌ను ఆన్ చేస్తే చాలు. రెండవది, "ఎస్‌బ్యాట్ సెల్ఫ్ చెక్" విఫలమైందనే సందేశం. ఆగస్టు 2024లో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్ వెర్షన్లను నిషిద్ధ జాబితాలో చేర్చింది. దానితో అప్పటిదాకా బాగా నడిచిన డ్యుయల్ బూట్‌లు, పాత పెన్‌డ్రైవ్‌లు కూడా ఆగిపోయాయి. డిస్ట్రో తాజా ఐఎస్‌ఓను దింపుకొని రాయడమే దానికి సరైన మందు.

2014–16 ప్రాంతంలో కొన్న చవకైన టాబ్లెట్ తరహా ల్యాప్‌టాప్‌లో ఏ పెన్‌డ్రైవూ బూట్ కావడం లేదు. ఎందుకు?

ఆటమ్ జడ్3735ఎఫ్ వంటి చిప్‌లున్న ఆ యంత్రాల్లో ప్రాసెసర్ 64 బిట్లదే, కానీ యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ 32 బిట్లది. చాలా 64 బిట్ ఐఎస్‌ఓలలో 32 బిట్ బూట్‌లోడర్ ఉండదు కాబట్టి ఆ ఫర్మ్‌వేర్‌కు పెన్‌డ్రైవ్ ఖాళీగానే కనిపిస్తుంది. డెబియన్ ఈ మిశ్రమ అమరికను 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచే ఆదుకుంటోంది. మొదట దానితో ప్రయత్నించండి. వీటిలో టచ్ స్క్రీన్, శబ్దం, కెమెరా మాత్రం అన్నీ పలుకుతాయని ఆశించవద్దు.

మ్యాక్‌బుక్‌లో, స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లో మామూలు ఉబుంటు పెన్‌డ్రైవ్ పనికొస్తుందా?

ఎం1, ఎం2 వంటి ఆపిల్ చిప్‌లున్న మ్యాక్‌లలోనూ, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లలోనూ ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. ఇంటెల్, ఏఎండీల కోసం తయారైన ఐఎస్‌ఓ అక్కడ బూట్ కానే కాదు. ఎం1, ఎం2 మ్యాక్‌లకు డిసెంబర్ 2023లో విడుదలైన ఫెడోరా అసాహీ రీమిక్స్ ఉంది. టీ2 చిప్ ఉన్న 2018–2020 నాటి ఇంటెల్ మ్యాక్‌లలో ముందుగా స్టార్టప్ సెక్యూరిటీలో బయటి డ్రైవ్ నుంచి బూట్ కావడాన్ని అనుమతించాలి. అయినా కీబోర్డు, టచ్‌ప్యాడ్ పలకడానికి టీ2 కోసం ప్రత్యేకంగా తయారైన కెర్నల్ కావాలి కాబట్టి బయటి కీబోర్డు ఒకటి దగ్గర ఉంచుకోండి.

## తెర దగ్గర ఆగిపోతే

మెనూలో ఇన్‌స్టాల్ అని ఎంచుకోగానే తెర నల్లగా అయిపోతోంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. ఏం చేయాలి?

ఇది ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు చిక్కు, అందులోనూ ఎన్విడియా కార్డులతో. ఐఎస్‌ఓలో ఉండే నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ కొన్ని ఎన్విడియా చిప్‌లను సరిగా మేల్కొల్పలేదు. అప్పుడు కంప్యూటర్ లోపల నడుస్తూనే ఉంటుంది, చూపించడానికి తెర ఉండదు.

ముందు మెనూలోనే "సేఫ్ గ్రాఫిక్స్" (ఉబుంటు), "కంపాటిబిలిటీ మోడ్" (మింట్), ట్రబుల్‌షూటింగ్ కింద "బేసిక్ గ్రాఫిక్స్" (ఫెడోరా) వంటి ఎంపిక ఉందేమో చూడండి. లేకపోతే మెనూలో ఇన్‌స్టాల్ వరుస మీద నిలబడి కీబోర్డులో "ఈ" అక్షరం నొక్కండి. వచ్చే పాఠంలో "లినక్స్" అనే పదంతో మొదలయ్యే పొడుగాటి వరుస చివర ఒక ఖాళీ వదిలి "నోమోడ్‌సెట్" అని కలిపి టైప్ చేసి, ఎఫ్10 నొక్కండి. కెర్నల్ తనంతట తాను తెర రీతిని మార్చకుండా ఈ పదం ఆపుతుంది.

నోమోడ్‌సెట్‌తో వచ్చిన తెర మసకగా, తక్కువ రిజల్యూషన్‌తో ఉంటుంది. వెలుతురు సర్దుబాటు కాదు, వీడియోలు తడబడతాయి. దాన్నే శాశ్వతంగా ఉంచేసుకొని "లినక్స్ ఇంతే" అనుకునేవారు ఉన్నారు, అది సరికాదు. ఇన్‌స్టాల్ పూర్తయి సరైన డ్రైవర్ వేశాక ఆ పదాన్ని తీసేయాలి. కార్డు కొత్త ఏఎండీది లేదా ఇంటెల్‌ది అయితే వేరే డ్రైవర్ వెతకనక్కరలేదు, ఇంకా కొత్త కెర్నల్ ఉన్న ఐఎస్‌ఓ తీసుకుంటే చిక్కు విడిపోతుంది.

"పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్" అంటూ తెర మీద వరుసలు ఆగకుండా పరుగెడుతున్నాయి. భయపడాలా?

"కరెక్టెడ్" అని ఉంటే, ఎదురైన పొరపాటును హార్డ్‌వేరే సరిదిద్దుకుందని అర్థం. వైఫై కార్డుకో ఎస్‌ఎస్‌డీకో విద్యుత్తు ఆదా చేసే పద్ధతి ఆ మదర్‌బోర్డుతో పొసగనప్పుడు ఇది తరచు కనిపిస్తుంది. బూట్ వరుసలో "పీసీఐఈ అండర్‌స్కోర్ ఏఎస్‌పీఎం ఈక్వల్స్ ఆఫ్" పెడితే ఆ ఆదా పద్ధతి ఆగుతుంది. బ్యాటరీ కొంచెం త్వరగా తరగవచ్చు. "పీసీఐ ఈక్వల్స్ నోఏఈఆర్" సందేశాలను కనబడకుండా చేస్తుందే గాని కారణాన్ని తీయదు. అయినా అలాగే వదిలేస్తే లాగ్ ఫైళ్లు గిగాబైట్ల కొద్దీ పెరిగి డిస్కు నిండిపోగలదు కాబట్టి ఏదో ఒకటి చేయాలి.

ఏ చిక్కు వచ్చినా "ఏసీపీఐ ఆఫ్" పెట్టమని చెబుతున్నారు. పెట్టవచ్చా?

మా సలహా వద్దనే. ఏసీపీఐ అంటే విద్యుత్తు, హార్డ్‌వేర్ వివరాలను బయోస్ లినక్స్‌కు అందించే పద్ధతి. దాన్ని ఆపితే బ్యాటరీ సూచిక, నిద్ర రీతి, ఫ్యాన్ నియంత్రణ, చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ కూడా పోతాయి. ఆపినప్పుడు బూట్ అయితే చిక్కు ఏసీపీఐకి సంబంధించినదని తెలుసుకోవడం వరకే దాన్ని వాడండి. ఆ తరువాత తయారీదారు ఇచ్చిన తాజా బయోస్ అప్‌డేట్ వేసి చూడండి. ఇటువంటి దోషాలకు అది చాలాసార్లు పనిచేస్తుంది.

## డిస్కు ఎంచుకునే దగ్గర

ఇన్‌స్టాలర్‌లో నా ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించడం లేదు, పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తోంది. డిస్కు చెడిపోయిందా?

విండోస్ మామూలుగా నడుస్తోంటే డిస్కు బాగానే ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కును ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ, అంటే ఆర్‌ఎస్‌టీ, అనే రీతిలో పెట్టి అమ్ముతారు. 11వ తరం నుంచి అదే పని వీఎండీ అనే కంట్రోలర్ ద్వారా జరుగుతోంది. ఈ అమరికలో ఎన్‌వీఎంఈ డిస్కు (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) నేరుగా కాకుండా ఇంటెల్ కంట్రోలర్ చాటున ఉంటుంది. లినక్స్ కెర్నల్‌లో వీఎండీ డ్రైవర్ ఉన్నప్పటికీ పాత కెర్నళ్లు ల్యాప్‌టాప్ చిప్‌లను గుర్తించవు. పాత ఆర్‌ఎస్‌టీ రీతిలోనైతే ఎన్‌వీఎంఈ డిస్కు లినక్స్‌కు అందదు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) "ఎల్ఎస్‌పీసీఐ" కొడితే "రెయిడ్ బస్ కంట్రోలర్" అని గాని "వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్" అని గాని ఇంటెల్ పేరుతో ఉంటే కారణం ఇదేనని రూఢి అవుతుంది.

బయోస్‌లో ఆ రీతిని ఏహెచ్‌సీఐకి (డిస్కు నేరుగా కనిపించే మామూలు రీతికి) మార్చడం, లేదా వీఎండీని డిసేబుల్ చేయడం పరిష్కారం. డిస్కులో విండోస్ అక్కరలేకపోతే మార్చేసి ముందుకు సాగవచ్చు. విండోస్ ఉండాలంటే మాత్రం నేరుగా మార్చవద్దు. అలా మారిస్తే అది నీలి తెరతో ఆగిపోవచ్చు. ముందు బిట్‌లాకర్ నిలిపి, రికవరీ కీ రాసుకొని, విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ ఎంచుకొని రీస్టార్ట్ చేయండి. ఆ రీస్టార్ట్‌లోనే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచేటప్పుడు ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను తనే అందుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్కు తీసి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఖాతా అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి.

ఒక హెచ్చరిక: రెండు డిస్కులను నిజంగానే రెయిడ్‌గా కలిపి ఉన్నా, ఆప్టేన్ మెమరీని (హార్డ్‌డిస్క్ వేగం పెంచే ఇంటెల్ మాడ్యూల్‌ను) హార్డ్‌డిస్క్‌తో జతచేసి ఉన్నా రీతి మార్చడం వల్ల డేటా పోవచ్చు. ముందు విండోస్‌లోని ఇంటెల్ అప్లికేషన్ నుంచి ఆ జతను విడదీయాలి.

ఏసర్ ల్యాప్‌టాప్ బయోస్ అంతా వెతికాను, వీఎండీ ఆప్షనే లేదు. ఇప్పుడెలా?

చాలా ఏసర్ మోడళ్లలో అది దాగి ఉంటుంది. ఎఫ్2తో బయోస్ తెరిచి, మెయిన్ ట్యాబ్‌లో ఉండగా కంట్రోల్, ఎస్ కీలను కలిపి నొక్కితే వీఎండీ కంట్రోలర్ వరుస, పాత మోడళ్లలోనైతే సాటా మోడ్ వరుస, ప్రత్యక్షమవుతుంది. సెక్యూర్ బూట్ వరుస బూడిద రంగులో ఉండి మారకపోతే, సెక్యూరిటీ ట్యాబ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాక అది చేతికొస్తుంది. పని అయ్యాక ఆ పాస్‌వర్డ్ తీసేయండి, లేదా భద్రంగా రాసిపెట్టుకోండి. మరిచిపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లవలసి వస్తుంది.

## ఇన్‌స్టాల్ నడుస్తుండగా

సగం దాకా వచ్చి "ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, ఎర్‌నో 5" అని ఆగిపోతోంది. ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది. కారణమేమిటి?

ఇది పొసగకపోవడం కన్నా చెడిపోవడాన్ని సూచిస్తుంది. చవకైనది నుంచి ఖరీదైనది దాకా వరుసగా చూడండి. దింపుకున్న ఐఎస్‌ఓ షా256 సంఖ్య (ఫైలు చెడలేదని సరిచూసే సంఖ్య) డిస్ట్రో ప్రకటించిన సంఖ్యతో సరిపోలాలి. తరువాత పెన్‌డ్రైవ్ మార్చి చూడండి. అదే ఎర్రర్ వస్తే డిస్క్స్ అప్లికేషన్‌లో ఎస్‌ఎస్‌డీ స్మార్ట్ సమాచారం (డిస్కు ఆరోగ్య వివరాలు) తెరిచి, చెడిన సెక్టార్ల లెక్క చూడండి. ఆగే చోటు ప్రతిసారీ మారుతోందంటే ర్యామ్‌ను ప్రధానంగా అనుమానించాలి. మెమ్‌టెస్ట్86+ 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో కూడా నడుస్తుంది. రాత్రి పెట్టి ఉదయం చూడండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ ముక్కను నమ్మవద్దు. దానితో విండోస్ బాగానే నడిచిందన్నది రుజువు కాదు. వేలాది కంప్రెస్డ్ ఫైళ్లను విప్పే ఇన్‌స్టాలర్ మామూలు వాడకం కన్నా ర్యామ్‌ను గట్టిగా పరీక్షిస్తుంది.

ఏ ఎర్రరూ రాకుండా కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతోంది, మౌస్ కూడా కదలదు. ఇది దేనివల్ల?

ప్రాసెసర్ నిద్ర స్థాయిల వల్ల ఇలా జరగవచ్చు. బే ట్రెయిల్ కుటుంబానికి చెందిన జె1900, ఎన్2840 వంటి సెలెరాన్‌లకు ఇది పేరుమోసిన జబ్బు. "ఇంటెల్ అండర్‌స్కోర్ ఐడిల్ డాట్ మ్యాక్స్ అండర్‌స్కోర్ సీస్టేట్ ఈక్వల్స్ 1" అని బూట్ వరుసలో పెడితే కుదుటపడతాయి. 2017 నాటి మొదటి తరం రైజెన్ డెస్క్‌టాప్‌లలో ఖాళీగా ఉన్నప్పుడే బిగుసుకుపోతుంటే బయోస్‌లో "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్"ను "టిపికల్ కరెంట్ ఐడిల్"కు మార్చండి.

చివర్లో "గ్రబ్ ఇన్‌స్టాల్ ఫెయిల్డ్" అని వచ్చింది. అంతా మళ్లీ మొదలుపెట్టాలా?

గ్రబ్ అంటే లినక్స్ బూట్‌లోడర్. ముందు పెన్‌డ్రైవ్ ఏ రీతిలో బూట్ అయిందో చూడండి. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు, ఒకసారి యూఈఎఫ్‌ఐ అని, మరోసారి లెగసీ (పాత తరహా బయోస్ రీతి) అని కనిపిస్తుంది. విండోస్ యూఈఎఫ్‌ఐలో ఉండి పెన్‌డ్రైవ్ లెగసీలో లేస్తే గ్రబ్ ఎక్కదు, ఎక్కినా మెనూలో విండోస్ కనిపించదు. బయోస్‌లో సీఎస్‌ఎం అనే లెగసీ ఆప్షన్ ఆపేసి, యూఈఎఫ్‌ఐ పేరున్న వరుసనే ఎంచుకోండి. మీరే స్వయంగా పార్టిషన్లు చేసి ఉంటే, ఫ్యాట్32లో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను (బూట్‌లోడర్లు ఉండే పార్టిషన్‌ను) ఎంచుకున్నారో లేదో చూసుకోండి. విండోస్‌తో పాటు వేస్తున్నప్పుడు ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే వాడాలి, దాన్ని ఫార్మాట్ చేయకూడదు.

## మొదటిసారి రీబూట్ చేశాక

ఇన్‌స్టాల్ విజయవంతమైందని చెప్పింది, తీరా చూస్తే విండోసే లేస్తోంది. లినక్స్ ఎక్కడికి పోయింది?

లినక్స్ డిస్కులోనే ఉంది. ఫర్మ్‌వేర్ దాని బూట్ వరుసను లెక్కచేయడం లేదు. బయోస్‌లో బూట్ ఆర్డర్ తెరిచి ఉబుంటు లేదా డెబియన్ పేరును పైకి తీసుకురండి. కొన్ని హెచ్‌పీ యంత్రాల్లో "ఓఎస్ బూట్ మేనేజర్" అనే వరుస లోపలికి వెళ్తేగాని ఆ పేరు కనిపించదు. ఏసర్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, "యూఈఎఫ్‌ఐ ఫైలును నమ్మదగినదిగా ఎంచుకోండి" అనే ఆప్షన్‌లో ఈఎఫ్‌ఐ, ఉబుంటు ఫోల్డర్ల లోపల ఉన్న షిమ్ ఫైలును చూపాలి. ఇంకొన్ని ఫర్మ్‌వేర్‌లు ఏ పేరునూ గుర్తుపెట్టుకోవు, ఈఎఫ్‌ఐ, బూట్ ఫోల్డర్లలో ఉండే "బూట్‌ఎక్స్64" ఫైలునే వెతుకుతాయి. డెబియన్ ఇన్‌స్టాలర్ రెస్క్యూ రీతిలో గ్రబ్‌ను ఆ రిమూవబుల్ మీడియా దారిలో కూడా వేయమనే ఎంపిక ఇటువంటి యంత్రాల కోసమే ఉంది.

ఎన్విడియా డ్రైవర్ వేశాను, అయినా పనిచేయడం లేదు. నా కార్డుకు ఏది వేయాలి?

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. మరుసటి బూట్‌లో నీలి తెర మీద "పర్‌ఫార్మ్ మాక్ మేనేజ్‌మెంట్" అని కొద్ది సెకన్లే కనిపిస్తుంది; అప్పుడు ఏదైనా కీ నొక్కి "ఎన్‌రోల్ మాక్" (డ్రైవర్ సంతకం కీని నమోదు చేయడం) ఎంచుకొని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ క్షణం దాటిపోతే డ్రైవర్ సంతకాన్ని కెర్నల్ నమ్మదు, "కీ వాజ్ రిజెక్టెడ్" అని లాగ్‌లో రాసి తిరస్కరిస్తుంది. "మాక్‌యుటిల్" ఆదేశంతో కీని మళ్లీ ఇంపోర్ట్ చేసి రీబూట్ చేస్తే ఆ నీలి తెర తిరిగి వస్తుంది.

సంతకం సరిగా ఉన్నా పలకకపోతే వెర్షన్ చూడండి. ఫెర్మీ తరం కార్డులకు చివరి డ్రైవర్ శ్రేణి 390, కెప్లర్‌కు 470. మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకు 580 శ్రేణే చివరిది. ఆర్‌టీఎక్స్ 50 శ్రేణికి "ఓపెన్" అని పేరులో ఉన్న కెర్నల్ మాడ్యూలే కావాలి, మామూలుది దాన్ని గుర్తించదు. పాత 390 శ్రేణి కొత్త కెర్నళ్లతో తరచు పొసగదు. అటువంటి కార్డుకు నూవోతోనే సరిపెట్టుకోవడం ప్రశాంతమైన దారి.

## వైఫై, శబ్దం

వైఫై గుర్తే రావడం లేదు. నెట్ లేకుండా డ్రైవర్ దింపుకోవడం ఎలా?

ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. అదనపు డ్రైవర్ ఏదీ లేకుండానే లినక్స్ దాన్ని వైర్డ్ కనెక్షన్‌గా గుర్తిస్తుంది. ఇంట్లోని వైఫైకి ఫోన్ కలిసి ఉంటే దాని మీదే నడుస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు.

తరువాత "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టి, వైఫై ఏ బటన్ వల్లనైనా ఆగి ఉందేమో చూడండి. అది కాకపోతే "ఎల్ఎస్‌పీసీఐ" ఇచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ పేరు చదవండి. రియల్‌టెక్ 8821సీఈకి 5.9 నుంచి, మీడియాటెక్ 7921కి 5.12 నుంచి, రియల్‌టెక్ 8852బీఈకి 6.2 నుంచి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది కాబట్టి కొత్త కెర్నల్ వేస్తే చాలు. మీడియాటెక్ 7902 మాత్రం చాలాకాలం ప్రధాన కెర్నల్‌లో చోటు లేకుండా ఉండిపోయింది. అది మీకుంటే కార్డు మార్చడం గురించి ఆలోచించండి. బ్రాడ్‌కామ్ 4360, 43142లకు ఆ కంపెనీ ఇచ్చిన "డబ్ల్యూఎల్" డ్రైవర్ కావాలి. ఉబుంటు, మింట్‌లలో అడిషనల్ డ్రైవర్స్ లేదా డ్రైవర్ మేనేజర్ దాన్నే చూపిస్తుంది. డెబియన్ 11, అంతకు ముందువాటి అధికారిక ఐఎస్‌ఓలలో నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. 12 నుంచి ఉంది. ఈ ఒక్క మార్పుతోనే ఎందరికో వైఫై మొదటిసారే పలికింది.

శబ్దం సెట్టింగ్స్‌లో "డమ్మీ అవుట్‌పుట్" అని మాత్రమే ఉంది. స్పీకర్లు పోయాయా?

ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో శబ్దానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ కావాలి. డిస్ట్రో రిపాజిటరీలో "సోఫ్ ఫర్మ్‌వేర్" అన్న పేరున్న ప్యాకేజీ వేసి, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి.

## ఎంతకీ తెగకపోతే

సహాయం అడిగేటప్పుడు ఏ వివరాలు ఇవ్వాలి?

"లినక్స్ ఎక్కడం లేదు, సాయం చేయండి" అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేరు. పని ఏ దశలో ఆగిందో మొదటి వాక్యంలోనే చెప్పండి. డిస్ట్రో పేరు, వెర్షన్, "యునేమ్ మైనస్ ఆర్" ఇచ్చిన కెర్నల్ సంఖ్య, "ఎల్ఎస్‌పీసీఐ మైనస్ ఎన్ఎన్‌కే" జాబితా, ఎర్రర్ వచ్చిన తెర ఫోటో ఇవ్వండి. ఎన్‌ఎన్‌కే అని కొడితే ప్రతి భాగానికీ తయారీదారు సంఖ్య, భాగం సంఖ్య, ఏ డ్రైవర్ పట్టుకుందో వస్తాయి. ఒక వరుస కింద డ్రైవర్ పేరు లేకపోతే చిక్కు తరచు అక్కడే ఉంటుంది. బయోస్‌లో మీరు మార్చినవన్నీ రాయండి, పనిచేయక తిరిగి మార్చినవి కూడా.

వైఫై కార్డు మార్చడమే మేలంటున్నారు. ఏది కొనాలి, ఎప్పుడు ఆగిపోవాలి?

మూత విప్పి చూస్తే కార్డు ఎం.2 2230 సైజులో స్క్రూతో బిగించి ఉంటే మార్చవచ్చు. బోర్డుకు అతికించి ఉంటే మార్చలేరు. ఇంటెల్ ఏఎక్స్210 ఇంటెల్, ఏఎండీ యంత్రాలు రెంటిలోనూ పనిచేస్తుంది. ఏఎక్స్201, ఏఎక్స్211లు సీఎన్‌వీఐ పద్ధతివి, వాటికి అనుకూలమైన ఇంటెల్ ప్రాసెసర్లతో తప్ప పనిచేయవు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల పొరబడి కొనేవారు ఎక్కువ, సంఖ్య రెండుసార్లు చూసుకోండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు, కొనేముందు అది కూడా విచారించాలి. యూఎస్‌బీ అడాప్టర్ కొనేటట్లయితే, డ్రైవర్ విడిగా కంపైల్ చేయవలసినదాన్ని వద్దనండి; ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కూ ఆ పని మళ్లీ మీద పడవచ్చు.

వేలిముద్ర రీడర్ ఒక్కటే పలకకపోతే దాన్ని వదిలేయండి. చాలా రీడర్లకు డ్రైవర్ రాయడానికి కావలసిన వివరాలను తయారీదారులు బయటపెట్టలేదు. తెర, డిస్కు, కీబోర్డు వంటి మూల భాగాలు మాత్రం కొత్త కెర్నల్‌తోనూ, తాజా బయోస్‌తోనూ పలకకపోతే, వాపసు గడువు ముగియకముందే ఆ కంప్యూటర్‌ను వెనక్కి ఇచ్చి, లినక్స్‌తోనే అమ్ముతున్న మోడల్‌ను గాని, ఉబుంటు సర్టిఫైడ్ జాబితాలో ఉన్న మోడల్‌ను గాని తీసుకోండి.